నడకను కంటితో అంచనా వేయకండి, కొలవండి

“మా నాన్న బాగానే నడుస్తారండీ” అనుకుని నిశ్చింతగా ఉండకండి. ఇంట్లో పక్షవాతం నుంచి తేరుకున్నవారు, మోకాళ్లు అరిగినవారు, పార్కిన్సన్స్ ఉన్నవారు, తుంటికి ఆపరేషన్ అయినవారు ఉంటే వారి నడకను ఈ వారమే పరీక్షించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. అందులో 80 శాతానికి పైగా మరణాలు అల్ప, మధ్య ఆదాయ దేశాల్లోనివే. మన దేశం వాటిలో ఒకటి.

రోజూ చూసే మనిషిలో వచ్చే మార్పు మన కంటికి ఆనదు. గోడ పట్టుకుని, మంచం అంచు అందుకుని, తలుపు రెక్కకు ఆనుకుని తిరిగేవారు కూడా మనకు నడుస్తున్నట్టే ఉంటారు. డాక్టరు నాలుగడుగులు వేయమంటే బిగబట్టుకుని నిటారుగా వేసి చూపిస్తారు. పిల్లలకు భారం కాకూడదని బాత్రూంలో తూలిన సంగతి దాచేవారు ఎందరో! అందుకే కొలత కావాలి.

1991 నుంచి వైద్యులు వాడుతున్న ‘టైమ్డ్ అప్ అండ్ గో’ పరీక్షకు చేతులున్న కుర్చీ, గడియారం చాలు. కుర్చీ నుంచి 3 మీటర్ల దూరంలో నేల మీద గీత గీయండి. కూర్చున్నవారు లేచి, మామూలు వేగంతో గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. రోజూ వాడే చెప్పులు, చేతికర్ర, వాకర్ ఏవైనా ఉంటే వాటితోనే చేయించండి. పెద్దవారికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. లేవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించారు, తిరిగేటప్పుడు తూలారా, కాలు ఈడ్చారా అన్నవీ రాసుకోండి. పక్షవాతం వచ్చినవారికి సహజంగానే ఎక్కువ సమయం పడుతుంది. వారి విషయంలో పోయినసారి అంకెతో పోల్చి చూడటం ముఖ్యం.

జాగ్రత్త! పరీక్షే ప్రమాదం కాకూడదు. నేల తడిగా ఉండకూడదు, కుర్చీ కదలకూడదు. బలమైన మనిషి ఒకరు పక్కనే, ఒక అడుగు వెనకగా నడవాలి. చేయి పట్టి లాగకూడదు, తొందరపెట్టకూడదు. కళ్లు తిరుగుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఇటీవల ఎముక విరిగినా ఇంట్లో చేయించవద్దు. ఆరు నిమిషాల నడక పరీక్ష అని మరొకటి ఉంది, దాన్ని మాత్రం ఆసుపత్రిలోనే చేయించండి. నెలలోపు గుండెపోటు వచ్చినవారికి అది ప్రమాదం.

నడక ఉన్నట్టుండి మారితే పరీక్షలతో కాలం వృథా చేయకండి. ఒకవైపు కాలూ చేయీ పట్టు తప్పితే, మూతి వంకర పోతే, మాట తడబడితే వెంటనే 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పాదాల నుంచి పైకి పాకే నీరసం రోజుల వ్యవధిలోనే శ్వాసను దెబ్బతీయవచ్చు. కాళ్ల బలంతో పాటు మూత్రం మీద అదుపు పోతే అది వెన్నుపాము, నరాల మీద ఒత్తిడికి గుర్తు కావచ్చు. తలకు చిన్న దెబ్బ తగిలిన పెద్దవారిలో కొన్ని వారాల తర్వాత నడక తడబడితే మెదడు మీద రక్తం పేరుకుందేమో స్కానింగ్‌లో చూడాలి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. ‘వయసు మీద పడింది’ అని వదిలేస్తే చేజేతులా ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే.

ప్రభుత్వాలకూ ఒక మాట. బీపీ, షుగర్ చూసే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఇళ్లకు వెళ్లే ఏఎన్‌ఎం చేతి పుస్తకంలో ఈ పరీక్షకూ చోటివ్వాలి. దీనికి యంత్రాలు అక్కర్లేదు, గంటల శిక్షణా అక్కర్లేదు. ముప్పు తేలినవారిని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపే ఏర్పాటు మాత్రం తప్పనిసరి.

అంతవరకు ఆ బాధ్యత ఇంట్లోవారిదే. మూడు నెలలకోసారి కొలవండి, తేదీతో రాసి ఉంచండి, అంకె పెరిగితే ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆలోగా బాత్రూంలో పట్టుకునే కడ్డీ బిగించండి, రాత్రి దారిలో దీపం వెలగనివ్వండి.