ఇంజన్ మంచిదే... మరి బండెందుకు ఆగుతోంది?

తణుకులో సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. దువ్వ దాకా హాయిగా వెళ్తుంది. తాడేపల్లిగూడెం ఇంకాస్త దూరం ఉందనగా దగ్గుతుంది, తడబడుతుంది, ఆగిపోతుంది. బానెట్ ఎత్తి చేతిపంపు నాలుగుసార్లు కొడితే మళ్లీ బయల్దేరుతుంది. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్‌ది వేయించిన పాత అంబాసిడర్లు ఉన్నవారికి ఈ వరస తెలిసిందే. షెడ్డుకు తీసుకెళ్తే వినిపించే మాటా తెలిసిందే... ‘పంపు పోయిందండీ. నాజిల్స్ కూడా చూడాలి. ఇంజన్ దింపేద్దామా?’

వద్దు. అప్పుడే దింపనివ్వకండి.

డీజిల్ మీద మనవైపు నమ్మకం ఇవాళ్టిది కాదు. చేలగట్ల మీద, చెరువుగట్ల మీద నీళ్లు తోడే ఆయిలింజన్లను చూస్తూ పెరిగినవాళ్లం. దానికితోడు పెట్రోలుకూ డీజిల్‌కూ ధరలో ఎంతో తేడా ఉండేది. అందుకే ఒకప్పుడు అంబాసిడర్లలోకి, జీపుల్లోకి మెటడోర్ వ్యాన్ల ఇంజన్లు సైతం వచ్చి కూర్చున్నాయి. అంబాసిడర్ బానెట్ కింద అంత చోటుంది మరి! 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశారు. అంబాసిడర్ తయారీ కూడా అదే ఏడాది ఉత్తరపారాలో ఆగిపోయింది. కానీ నాన్న కొన్న బండిని, ఇంటి పెళ్లిళ్లన్నీ చూసిన బండిని పాత ఇనుముకు వెయ్యలేనివారు ఇంకా ఉన్నారు. రాత్రిపూట హైవే మీద పిల్లాపాపలతో ఆగిపోతే పడే అవస్థ వారికే తెలుసు.

మారిన ఇంజన్‌తో తిప్పలు వస్తే ముందు చూడాల్సింది ఇంజన్‌ని కాదు, దాన్ని బండికి కలిపిన చోట్లని. పైన చెప్పిన జబ్బునే తీసుకోండి. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్‌ను ఇంజనే పీల్చుకుంటుంది. ఆ దారిలో ఒక క్లిప్పు వదులైతే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళ్తుంది. కింద చుక్క మరక కనపడదు కాబట్టి పైపు మీద ఎవరికీ అనుమానం రాదు. చేతిపంపు కొడితే గాలి పోతుంది, బండి కదులుతుంది, కాసేపటికి మళ్లీ అదే కథ.

పైగా ఆ ట్యాంకు పెట్రోలు కాలం నాటిది. అడుగున ఏళ్లనాటి తుప్పు, మట్టి ఉంటాయి. కార్బురేటర్ బండికి చాలావాటిలో రిటర్న్ పైపు ఉండదు. డీజిల్‌కు అది కావాలి. అప్పటికప్పుడు చేసిన ఆ కొత్త కన్నం, కొత్త జాయింటు సరిగా కుదిరాయో లేదో చూడాలి.

తేల్చుకోవడానికి మంచి మెకానిక్‌లు చేసే పరీక్ష ఒకటుంది. బండిని షెడ్డులోనే నిలిపి, వేడి తగలని ఎత్తులో శుభ్రమైన డీజిల్ క్యాను పెట్టి, వచ్చే పైపూ రిటర్న్ పైపూ రెండూ అందులోనే ఉంచి అరగంట నడిపిస్తారు. ఆగకుండా నడిచిందంటే పంపు మీద నింద తప్పు. లోపం వెనక ట్యాంకు వైపు ఉంది. మధ్యలో లోపల కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్క పెడితే బుడగలు కంటికే కనిపిస్తాయి. ఖర్చు? గొట్టం ముక్క, రెండు క్లిప్పులు.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందా? బ్యాటరీ మార్చేముందు ఎర్త్ చూడండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పారదు. అందుకే ఇంజన్ నుంచి బాడీకి ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. పాత ఇంజన్ దించేటప్పుడు విప్పుతారు, కొత్తది ఎక్కించాక బిగించడం మర్చిపోతారు. అప్పుడు కరెంటు దొరికిన దారిన, ఒక్కోసారి యాక్సిలరేటర్ కేబుల్ గుండా వెళ్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ కేబుల్ వేడెక్కుతుంటే దొంగ దొరికినట్లే. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్‌కు నేరుగా జంపర్ కేబుల్ పెట్టి చూసినా తెలిసిపోతుంది.

మీటరు ముల్లు ఎర్రగీత చేరిందని కంగారు పడేవారూ ఉంటారు. పాత మీటరుకు కొత్త ఇంజన్ సెన్సర్ జత కుదరకపోతే అది అబద్ధమే చెబుతుంది. అయితే చల్లగా ఉందని చెప్పే అబద్ధం మరీ ప్రమాదం. రేడియేటర్ పెద్ద ఇంజన్‌కు సరిపోతోందో లేదో విడిగా చూపించుకోండి.

అన్నిటికంటే ముఖ్యం బ్రేకు. బూస్టర్ ఉన్న కారులో పెట్రోలు ఇంజన్ పీల్పు బ్రేకుకు సాయం చేస్తుంది. డీజిల్ ఇంజన్లలో చాలావాటికి ఆ పీల్పు చాలదు, వ్యాక్యూమ్ పంపు వేరే ఉండాలి. ఇంజన్ మార్చాక పెడల్ రాయిలా గట్టిపడితే, అది తేలేదాకా బండి బయటికి తీయకండి. డీజిల్ ఇంజన్ బరువు కూడా ఎక్కువే. ముందు స్ప్రింగులు దిగాయేమో గమనించండి.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. కాబట్టి కొత్తగా ఇంజన్ మార్చాలనుకుంటే డబ్బు కట్టేముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. అనుమతి తీసుకోకుండా ఇంజన్ మారిస్తే 14 రోజుల్లో తెలియజేయాలని చట్టంలో ఉంది. ఆర్సీలో ఒక నంబరు, ఇంజన్ మీద మరో నంబరు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీతో పేచీ తప్పదు. ఇలా మార్చిన పాత కారు ఎవరైనా చవగ్గా ఇస్తానంటే, టైర్లు తన్ని చూడకముందే టార్చిలైటు పట్టుకుని ఆ నంబరు చదవండి.