రాని పావురాల లెక్క కూడా చెప్పండి

హోమర్ పావురాలు పెంచేవారికి, క్లబ్బుల పెద్దలకు, నెల్లూరు మొదలు వరంగల్ దాకా దారి పొడవునా ఉన్న ఊళ్లవారికి విజ్ఞప్తి



చెన్నైలో పావురాల పందేల కాలం వచ్చేసింది. ఉత్తర చెన్నై మేడల మీద మన తెలుగు ఇళ్లు సహా అందరూ గూళ్లు సర్దుకుంటున్నారు. క్లబ్బును బట్టి మజిలీలు మారినా పందెం దారి మాత్రం ఉత్తరాదికే. దగ్గరి మజిలీలతో మొదలై ఒంగోలు, విజయవాడ, వరంగల్, అవి దాటితే బల్లార్షా, నాగపూర్. నాగపూర్ నుంచి చెన్నైకి గాలిదారిన దాదాపు 900 కిలోమీటర్లు. అరకిలో బరువు కూడా ఉండని ప్రాణి, తానెన్నడూ చూడని చోట బుట్టలోంచి బయటికొచ్చి ఇంటి దారి పట్టి రావడం కంటే గొప్ప సంగతి మాకు ఇంకొకటి తెలియదు. అందుకే పెంచుతున్నాం. అందుకే ఈ మాటలు కూడా అంటున్నాం.

పందెం అయ్యాక ఫలితాల కాగితం వస్తుంది. మొదటి పావురం నిమిషానికి ఎన్ని మీటర్ల వేగంతో వచ్చిందో దశాంశాలతో సహా అందులో ఉంటుంది. మొత్తం ఎన్నిటిని వదిలారు, పొద్దుగూకేసరికి ఎన్ని చేరాయి, వారం గడిచినా ఎన్ని రాలేదు? ఇవి ఆ కాగితంలో కనబడవు. మేం అడిగేది ప్రధానంగా ఇదే. ప్రతి పందేనికీ ఈ మూడు అంకెలు గెలుపు పట్టిక పక్కనే అచ్చు వేయాలి.

లెక్క ఉంటే ఏమవుతుందో బ్రిటన్‌ను చూడండి. 1997 జూన్ 29న అక్కడి రాయల్ పీజియన్ రేసింగ్ అసోసియేషన్ శతవార్షిక పందేనికి ఫ్రాన్స్‌లోని నాంత్ నుంచి సుమారు 60,000 పావురాలను వదిలారు. వాటిలో చాలా భాగం ఇంటి మొహం చూడలేదు. అమెరికా శాస్త్రవేత్త జొనాథన్ హాగ్‌స్ట్రమ్ ఆ కేసు పట్టుకుని, ఇంగ్లిష్ ఛానెల్ మీదుగా వెళ్లిన కాంకార్డ్ విమానం పుట్టించిన ధ్వని తరంగాలు వాటి దారి చెరిపి ఉండొచ్చని వాదించారు. 2021 జూన్ 19న పీటర్‌బరో నుంచి వదిలిన సుమారు 9,000 పావురాల్లో మర్నాటికి 5,000 దాకా రాలేదు. దారి చూస్తే మూడు గంటలది. సౌర తుఫాను వల్ల భూమి అయస్కాంత క్షేత్రం చెదిరిందేమోనని అనుమానించి, అక్కడి సంఘం వాతావరణ శాఖతో మాట్లాడతామని ముందుకొచ్చింది. ఆ కారణాలే అసలు కారణాలని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. కానీ ఎన్ని పోయాయో తెలిసింది కాబట్టే ఎందుకు పోయాయన్న ప్రశ్న పుట్టింది.

మన దగ్గర ఆ ప్రశ్న పుట్టదు. “రానిది నాసిరకం, దానంతట అదే తొలగిపోయింది” అని సరిపెట్టుకుంటాం. కానీ లోపం ఎప్పుడూ జాతిది కాదు. పావురానికి దిక్కు చెప్పేది సూర్యుడు. మబ్బు పట్టిన రోజు భూమి అయస్కాంత బలం ఆదుకుంటుంది. వాసనలు, ఇంటి దగ్గరికొచ్చాక రోడ్లు, నదులు సాయపడతాయి. కృష్ణా గోదావరి డెల్టాలో దట్టమైన పొగమంచు ఉండగానే వదిలితే ఎంత జాతి పక్షికైనా ఇవన్నీ ఒకేసారి మసకబారతాయి. ఎండలు ముదిరాక తెలంగాణ మీదుగా మధ్యాహ్నం ఎగరాల్సొస్తే దాహమే చంపుతుంది. పక్షికి చెమట పట్టదు, ఒళ్లు చల్లబడాలంటే నోరు తెరిచి ఒంట్లో నీరు ఖర్చు చేసుకోవాల్సిందే. దారిలో డేగలు, కరెంటు తీగలు ఉండనే ఉన్నాయి.

ఆలస్యంగా వచ్చిన పావురాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎదురు రొమ్ము కండ కరిగిపోయి మధ్య ఎముక కత్తి అంచులా వేలికి తగులుతుంది. గింజల సంచి ఖాళీ. ఒక్కోసారి తోకలో నాలుగు ఈకలుండవు, అవి డేగ గోళ్లలో మిగిలి ఉంటాయి. తీగ కోసిన గాయం ఎండి ఈకలకు అట్టకట్టి ఉంటుంది. అయినా వచ్చింది. అలాంటిదాన్ని మర్నాడే బజారుకు పంపేవాళ్లు మనలో ఉన్నారు. ఆ ఆలస్యం పావురానిది కాదు, వాన మబ్బు చూసి కూడా బుట్ట తలుపు తీసినవాళ్లది. కొద్దికొద్దిగా నీళ్లు, తేలికైన గింజలు పెట్టి రెండు వారాలు కదపకుండా ఉంచితే చాలామటుకు తేరుకుంటాయి.

కాబట్టి ఎప్పుడు వదలాలో నిర్ణయించే మనిషికి ఆ పందెంలో పావురం ఉండకూడదు. వదిలే చోట, దారిలో, చెన్నైలో మూడుచోట్లా వాతావరణం కనుక్కున్నాకే తలుపు తీయాలి. బాగాలేకపోతే వాయిదా. అది కుదరకపోతే పక్షులకు నీళ్లు పెట్టి లారీలో వెనక్కి తేవాలి. డీజిలు ఖర్చుకు వెనకాడితే పందెం పెట్టకండి. కాలి రింగు మీద క్లబ్బు అక్షరాలు, సంవత్సరం, వరస నంబరుతో పాటు ఫోన్ నంబరు ఉన్న రెండో రింగు కూడా వేయాలి.

లెక్కలు బయటపెడితే పరువు పోతుందని, పందేలే ఆపేస్తారని కొందరి భయం. లెక్కలో దాచిపెట్టిన పావురాలు ఎలాగూ ఎవరో ఒకరి పెరట్లో దిగుతూనే ఉన్నాయి. పోయేవాటిని నిజంగా తగ్గించడం తప్ప ఈ ఆటకు వేరే రక్షణ లేదు.

దారిలో ఉన్న ఊళ్లవారికి ఒక మాట. కాలికి రింగుతో పావురం మీ డాబా మీద వాలితే అది గూఢచారి కాదు, అలిసిపోయిన బాటసారి. 2023 మేలో ముంబయి పీర్ పావ్ జెట్టీ దగ్గర దొరికిన పావురాన్ని గూఢచర్యం అనుమానంతో ఎనిమిది నెలలు పశువుల ఆసుపత్రిలో ఉంచారు. చివరికి అది తైవాన్ పందెపు పక్షి అని తేలి వదిలేశారు. మీకు దొరికితే పిల్లికి అందకుండా చిల్లులున్న అట్టపెట్టెలో పెట్టండి. పావురం ముక్కు ముంచి పీల్చి తాగుతుంది కనుక కాస్త లోతైన గిన్నెలో నీళ్లివ్వండి. అన్నం వద్దు, జొన్నలో సజ్జలో పెసలో వేయండి. రింగు ఫొటో తీసి ఎవరైనా పావురాల పెంపకందారుకు పంపండి. గాయం లేకపోతే ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత, ఎండ కాసే ఉదయం చూసి వదలండి. దయచేసి కొయ్యకండి, అమ్మకండి.

క్లబ్బు సభ్యులారా, పావురాన్ని బుట్టకెక్కించే ముందు మీ కార్యదర్శిని అడగండి: కిందటి పందెంలో ఎన్ని రాలేదు? జవాబు కాగితం మీద ఇచ్చేదాకా మీ పావురాలను ఇవ్వకండి.

ఇట్లు
ఉత్తర చెన్నైలో పావురాలు పెంచే కొందరు తెలుగువాళ్లం