వేగం బజార్లో దొరకదు

ఇంజనీరింగ్ చదివేవాళ్ళకి బొమ్మకారుతో ఆటలేమిటని మా హాస్టల్లోనే చాలామంది నవ్వుతారు. వాళ్ళని తప్పు పట్టను. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా వైరు లేకుండా, రేడియో తరంగాలతో చిన్న పడవను నడిపి చూపిస్తే, చూసినవాళ్ళు అదేదో గారడీ అనుకున్నారట. దూరంగా నిలబడి బండిని నడిపేవాడు యెవరికైనా గారడీవాడిలాగో చిన్నపిల్లాడిలాగో కనిపించడం సహజమే. అయితే ఆ బండి గంటకు వంద కిలోమీటర్లు దాటాలంటే యేం చెయ్యాలో ఒక్కసారి ఆలోచిస్తే, నవ్వేవాళ్ళు కూడా కాగితం, పెన్సిలు తీస్తారని నా నమ్మకం.

మా క్లాసులో నలుగురం చందాలు వేసుకుని కట్టిన బండినే తీసుకుందాం. వోల్టుకి 2500 చుట్లు తిరిగే బ్రష్‌లెస్ మోటారు. నాలుగు సెల్సున్న లిథియం పాలిమర్ బ్యాటరీ. సెల్లుకి 3.7 చొప్పున మొత్తం 14.8 వోల్టులు. అంటే నిమిషానికి 37,000 చుట్లు. మోటారు 5 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలా గేర్లు. చక్రం వ్యాసం 10 సెంటీమీటర్లు. ఈ లెక్కన బండి గంటకు 139 కిలోమీటర్లు పోవాలి. రోడ్డెక్కిన మొదటిరోజు దాని నెత్తిన కట్టిన జి.పి.యస్. చూపించింది 88! మరి మిగతా 51 కిలోమీటర్లు యేమయ్యాయి? వాటిని వెతికి పట్టుకోవడాన్నే ట్యూనింగ్ అంటారు.

"యేముంది, పెద్ద మోటారు పెట్టండి" అని సలహా యిచ్చేవాళ్ళకి మా కాలేజీలో కొదవ లేదు. కానీ గాలి సంగతి వేరు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఆ అడ్డుని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లు! పెద్ద మోటారుతో బరువూ, కరెంటూ, వేడీ పెరుగుతాయి. కరెంటు యెక్కువ లాగితే బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. అందుకని డబ్బు ఖర్చు పెట్టేముందు బండిని నేలకి దించాలి, ముక్కు కొంచెం వంచాలి, బాడీకి వున్న కంతలు మూయాలి. కింద దూరిన గాలి ముక్కుని పైకెత్తిందా, యిక స్టీరింగు వున్నా లేనట్టే.

చక్రాల సంగతి యింకా చిత్రం. 139 కిలోమీటర్ల వేగంలో టైరు అంచున వున్న ఒక్క గ్రాము రబ్బరు సుమారు మూడు కిలోల బలంతో బయటికి లాగుతుంది. మెత్తటి రబ్బరు టైరు బూరలాగా వుబ్బి, రిమ్ముని వదిలేస్తుంది. అందుకే రిమ్ముకి అంటించిన ఫోమ్ టైర్లు తెచ్చి, గుండ్రంగా చెక్కించాలి. వర్క్‌షాప్‌కి వెళితే "టైమ్ అయిపోయింది" అన్నారు. వూళ్ళో లేత్ మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఆయన తిరిగే టైరుకి సుద్దముక్క ఆనించాడు. యెత్తుగా వున్నవైపే గీత పడింది. "ముందు గుండ్రంగా తిరగనివ్వండి బాబూ, జోరు సంగతి తరవాత" అన్నాడు. ఆ సాయంత్రం నేర్చుకున్నది మాకు యే పరీక్షలోనూ రాలేదు.

అక్కణ్ణించి ఒక నియమం పెట్టుకున్నాం. ఒక పరుగుకి ఒకటే మార్పు. మోటారు గేరుకి ఒక్క పన్ను పెంచడం, రెండు గేర్ల మధ్య సన్నని కాగితం పెట్టి బిగించి, కాగితం లాగేసి సందు సరిచూడటం, పరుగయ్యాక మోటారు వేడి కొలవడం, నోటు పుస్తకంలో రాయడం. వేడి హద్దులో వుంటేనే యింకో పన్ను. స్టీరింగుని సరిదిద్దే జైరో బలం పెంచితే బండి తిన్నగా పోతుంది. మరీ పెంచితే తోకాడించినట్టు వూగుతుంది. 2014లో అమెరికాలోని యూటాలో నిక్ కేస్ అనే ఆయన బ్యాటరీ కారుని గంటకు 325.12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించాడు. అంత వేగం యే షాపులోనూ డబ్బాలో పెట్టి అమ్మరు.

ఇదంతా యెందుకు చెబుతున్నానంటే - గాలి అడ్డు ఒక సెమిస్టరులో, గేర్లు మరో సెమిస్టరులో, బ్యాటరీ యింకో డిపార్టుమెంటులో చదువుతాం. అవి ఒకదాన్నొకటి చూసుకున్న పాపాన పోలేదు. ల్యాబులో సంగతి అందరికీ తెలిసిందే. సీనియర్ల రికార్డులో రీడింగులు ముందే వుంటాయి, ప్రయోగం తరవాత జరుగుతుంది. బండి దగ్గర ఆ పప్పులుడకవు. రాసిన అంకె అబద్ధమైతే మర్నాడు రోడ్డు మీద తేలిపోతుంది.

ప్రమాదం కాదా అంటారు పెద్దలు. నిస్సందేహంగా ప్రమాదమే. ఫాస్ట్ బౌలర్ 140 కిలోమీటర్ల వేగంతో విసిరిన క్రికెట్ బంతితో పోలిస్తే, వంద వేగంలో పోయే మూడు కిలోల బండికి తొమ్మిది రెట్లకి పైగా శక్తి వుంటుంది. కాబట్టి హాస్టల్ రోడ్ల మీద దొంగచాటుగా నడపడాన్ని నేను సమర్థించను. రెండు చివర్లా మనుషుల్ని నిలబెట్టి మూసిన రోడ్డు కావాలి. సిగ్నల్ తెగితే బండి దానంతటదే ఆగుతుందో లేదో ప్రతి పరుగుకీ ముందు, చక్రాలు గాల్లో వుంచి పరీక్షించాలి. బ్యాటరీని ఛార్జికి పెట్టి నిద్రపోకూడదు. ఈ క్రమశిక్షణ రావాలంటే చాటుగా జరిగేది మాస్టార్ల కళ్ళెదుట జరగాలి. నిషేధిస్తే ఆట ఆగదు, జాగ్రత్త మాత్రం పోతుంది.

అందుచేత అధ్యాపకులకీ, విద్యార్థి సంఘానికీ నా మనవి మూడే ముక్కలు. వారానికి రెండు సాయంత్రాలు వర్క్‌షాప్ ఏడు గంటలదాకా తెరిచి వుంచండి. నెలకో ఆదివారం పొద్దున గ్రౌండు వెనక రోడ్డు మూసి మాకివ్వండి. జేబులో డబ్బున్నవాడికే యీ చదువు దక్కకుండా, సంఘం నిధితో అందరికీ కలిపి ఒక్క బండి కొనండి. పూర్వ విద్యార్థులు తలుచుకుంటే యిది పెద్ద మొత్తమేమీ కాదు.

మా బండి ప్రస్తుతం 112 దగ్గరుంది. మోటారు మార్చలేదు, బ్యాటరీ మార్చలేదు. లెక్కకీ రోడ్డుకీ మధ్య యింకా 27 కిలోమీటర్లు బాకీ. అందులో కొంత గాలి తీసుకున్న కప్పం, అది తిరిగి రాదు. తక్కినదెంతో తేల్చే పని, మా నోటు పుస్తకంతో సహా, వచ్చే యేడాది తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అప్పగిస్తున్నాం.