మూర్ఛ ఆపరేషన్: మాట పరీక్ష మన మాటలోనే జరగాలి

మూర్ఛ వచ్చిన మనిషి చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ వాసన చూపడం కర్నూలు, కడప పల్లెల్లో నేటికీ పూర్తిగా పోలేదు. మూర్ఛ గాలి సోకడం కాదు, శాపమూ కాదు. అది మెదడుకు సంబంధించిన జబ్బు. రోగుల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి మాత్రలతోనే అదుపులోకి వస్తుంది. మాత్రలకు లొంగని వారిలో కొందరికి ఆపరేషనే దారి.

మన దేశంలో ఈ ఆపరేషన్ కొత్తదేమీ కాదు. 1952లోనే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో డాక్టర్ జాకబ్ చాందీ చేశారు. నేడు హైదరాబాద్ నిమ్స్‌లోనూ, బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ చేస్తున్నారు. 2001లో కెనడా వైద్యులు కణత వైపు మెదడులో పుట్టే మూర్ఛ గల 80 మందిని రెండు జట్లుగా పరిశీలించారు. ఏడాది తర్వాత స్పృహ తప్పించే మూర్ఛలు లేనివారు ఆపరేషన్ జట్టులో నూటికి 58 మంది, మాత్రల జట్టులో 8 మంది మాత్రమే.

మెదడుకు కత్తి పెడితే మాట పడిపోతుందని జనం భయపడతారు. ఆ భయం చాలావరకు పొరపాటే గాని, అందులో కొంత నిజం లేకపోలేదు. అత్యధికుల్లో మాటకు స్థానం మెదడు ఎడమ భాగమే. ఆ వైపు కణత భాగం కొంత తొలగించినప్పుడు కొందరికి వస్తువుల పేర్లు వెంటనే తట్టవు. చాట చేతికిస్తే చెరిగి చూపుతారు. పేరు అడిగితే "అదే, చెరిగేది" అంటారు. తెలివి తగ్గడం కాదిది, తెలిసిన పేరు నోటికి అందకపోవడం. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది.

అందుకే ఆపరేషన్‌కు ముందే మాటను, జ్ఞాపకశక్తిని పరీక్షిస్తారు. తర్వాత మళ్లీ పరీక్షించి తేడా చూస్తారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. అమెరికాలో తయారై పేరుపొందిన ఒక పరీక్షలో 60 బొమ్మలకు పేర్లు చెప్పాలి. వాటిలో ఎస్కిమోల మంచు ఇల్లూ ఒకటి. దాన్ని ఎన్నడూ చూడని ఆలూరు రైతు పేరు చెప్పలేకపోతే అది జబ్బు లోపమా, పరీక్ష లోపమా? అదే గొర్రు, గుంటక, కాడి, రోకలి చూపితే అసలు సంగతి తేలుతుంది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడేవారిని రెండు భాషల్లోనూ పరీక్షించాలి. ఆదోని వైపు కన్నడం ఇంటి మాటగా గలవారి సంగతీ అంతే.

రోగి బంధువులు సంతకం పెట్టే ముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి: ఆపరేషన్ ఏ వైపు? మాటకు ముప్పు ఎంత? పరీక్ష ఏ భాషలో? ఇంటికి వచ్చాక మాట తడబడితే ఎగతాళి చేయక, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. డాక్టరు చెప్పనిదే మాత్రలు మానరాదు.

మాట సరిదిద్దుకునే శిక్షణకు ప్రతిసారీ బెంగళూరు, హైదరాబాద్ వెళ్లడం కూలీనాలీ చేసుకునే వారికి సాధ్యమయ్యే పని కాదు. కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనే తెలుగు, ఉర్దూ తెలిసిన నిపుణులతో ఆ శిక్షణ నిలకడగా అందేటట్లు వైద్యశాఖ ఏర్పాటు చేయాలి. మూర్ఛ తగ్గిన మనిషికి మాట కూడా దక్కినప్పుడే చికిత్స పూర్తయినట్లు.