జీపుకి పుట్టినప్పటి ఎత్తు చాలు (నా అభిప్రాయం)

 

మన గోడపత్రికలో ఎప్పుడూ చెట్ల గురించి, చదువు విలువ గురించి, నీతి కథలు రాస్తాం. ఈసారి నేను జీపు గురించి రాస్తున్నాను. దయచేసి నవ్వకండి. దసరా సెలవులకి ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని మనలో సగం మంది ఎక్కేది జీపే కదా.

మా మావయ్యకి ఒక పాత మహీంద్రా జీపు ఉంది. 1996 మోడలు. అంటే నాకంటే వయసులో చాలా పెద్దది. దానిలో గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉంటాది. అది వేస్తే వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా లాగుతాయి. వానాకాలంలో మా ఊరికి ఎక్కగలిగే బండి అదొక్కటే. కాఫీ గింజలు, మిరియాలు, పసుపు అన్నీ సంతకి దానిలోనే దిగుతాయి.

పోయిన ఏడు ఆగస్టులో మా పిన్నికి రాత్రిపూట నొప్పులొచ్చాయి. జీపులో బయలుదేరారు. గెడ్డ దిగే చోట అడుగున పెద్ద రాయి తగిలి ఇంజను కింద ఉండే ఆయిలు ఛాంబరు పగిలిపోయింది. ఆయిలంతా కారిపోయింది. ఇంక అక్కడి నుంచి పిన్నిని డోలీలోనే మోశారు. దేవుడి దయ వల్ల పిన్ని, తమ్ముడు బాగున్నారు. కానీ మావయ్యకి ఆ రాత్రి మనసులో ఉండిపోయింది. "ఎలాగైనా జీపు ఎత్తు పెంచాలి" అన్నాడు. మిరియాలు అమ్మగా మిగిలిన 18 వేలు పక్కన పెట్టాడు.

ఇక్కడి నుంచే గొడవ మొదలైంది. మా ఊరి కుర్రాళ్ళు ఏమన్నారంటే, "కమాన్ కట్టలు ఇరుసు కింద ఉన్నాయి. వాటిని తీసి ఇరుసు మీదకి మార్చి వెల్డింగు పెట్టించేద్దాం. నాలుగైదు అంగుళాలు లేస్తాది. పెద్ద టైర్లు వేద్దాం. టౌనులో జీపులు అలాగే ఉన్నాయి" అన్నారు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. అందుకని మావయ్య బండి కాగితాలు నా చేతికిచ్చి, "లెక్క నువ్వు చూడమ్మా" అన్నాడు. నేను వేసవి సెలవుల్లో చూసిన లెక్క ఇదే.

మొదటి లెక్క. కమాన్ కట్ట అంటే పొడుగాటి ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి బిగించిన కట్ట. విల్లులాగా వంగి ఉంటాది. ఏళ్ళ తరబడి బరువు మోస్తే ఆ వంపు పోయి సాపుగా అయిపోతాది. మా జీపుకి వెనక ఇరుసు నుంచి ఛాసిస్ దాకా స్కేలు పెట్టి కొలిచాను. మండలంలో ఇంకొకరి దగ్గర అదే మోడలు జీపు, పెద్దగా బరువు మోయనిది, ఉంది. దాన్నీ కొలిచాను. మాది రెండు అంగుళాలు తక్కువ వచ్చింది. అంటే మా జీపు పొట్టిది కాదు. ముసలిదై కుంగిపోయింది.

రెండో లెక్క. ఊరిలో పది మందిని జీపులో కూర్చోమని మళ్ళీ కొలిచాను. ఇంకో అంగుళంన్నర కిందకి దిగింది. పిన్నిని తీసుకెళ్ళిన రాత్రి సాయానికని జీపులో ఎక్కినవాళ్ళు పద్నాలుగు మంది. ఎవరిదీ తప్పని నేను అనను. అందరూ ప్రేమతోనే ఎక్కారు. కానీ ఆ బరువు వల్లే ఛాంబరు రాయి దాకా దిగింది. గెడ్డ దగ్గర మనుషులు దిగి నడిస్తే జీపు దానంతట అదే లేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడో లెక్క మనం గణితంలో చదివినదే. వ్యాసార్థం వ్యాసంలో సగం. మా టైరు మీద 6.00-16 అని ఉంది. 16 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. రెండంగుళాలు పెద్ద టైరు వేస్తే ఇరుసు లేచేది ఒక్క అంగుళమే. కమాన్లు ఎంత లేపినా ఇరుసు మధ్యన గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్ మాత్రం ఉన్నచోటే ఉంటాది. దాన్ని లేపేది టైరొక్కటే. మరి పెద్ద టైరు వేస్తే చక్రం బరువవుతుంది, ఎత్తులో లాగే బలం తగ్గుతుంది, పాత బ్రేకులకి పని ఎక్కువవుతుంది. మీటరు కూడా ఉన్న వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. కమాన్ చివర వేలాడే షాకిల్‌ని పొడుగు చేయించుదామని ఇంకొకరు చెప్పారు. అక్కడా సగం లెక్కే. షాకిల్ రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక అంగుళం. పైగా ముందు చక్రాల వాలు మారి స్టీరింగు నిలకడ పోవచ్చు.

ఇప్పుడు నా అసలు అభిప్రాయం రాస్తాను. డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు పాత జీపుని అది పుట్టినప్పుడు ఎంత ఎత్తు ఉండేదో అంత ఎత్తుకి తీసుకురావాలి. అంతకంటే లేపకూడదు.

ఎందుకంటే, నాలుగైదు అంగుళాలు లేపితే ఖర్చు వెల్డింగుతో ఆగదు. ఛాసిస్ నుంచి చక్రానికి వెళ్ళే బ్రేకు పైపు బిగుసుకుపోతుంది. గేరు పెట్టె నుంచి ఇరుసుకి వెళ్ళే షాఫ్టు ఎక్కువ వాలుగా తిరిగి దాని క్రాసులు తొందరగా అరిగిపోతాయి. స్టీరింగు రాడ్డు కోణం మారుతుంది. ఇవన్నీ సరిచేస్తేనే లేపడం పూర్తయినట్టు. మన దగ్గర డబ్బులు సగానికే సరిపోతాయి. సగం చేసిన పని ఘాట్ రోడ్డులో ప్రాణం తీస్తుంది. సైన్సు టీచరు గారు గరిమనాభి పాఠం చెప్పినప్పుడు సీసాని పక్కకి వంచి చూపించారు, గుర్తుందా? బరువు ఎంత పైన ఉంటే అంత సులువుగా పడిపోతుంది. ఎత్తు పెంచిన జీపు, దాని టాపు మీద మళ్ళీ మూటలు, మూటల మీద మనుషులు. మలుపులో ఏమవుతుందో మీరే ఆలోచించండి.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ తయారు చేసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కుంగిన కమాన్‌ని బాగుచేసుకోవడం మరమ్మతు. ఇరుసు మీదకి మార్చడం వేరే సంగతి.

మా మావయ్య చివరికి ఇలా చేశాడు. నాలుగు కమాన్ కట్టలు విప్పించి పట్టీలకి మళ్ళీ వంపు పెట్టించాడు. విరిగిన రెండు పట్టీలు మార్చాడు. బుష్‌లు, యూ బోల్టులు కొత్తవి వేయించి, కొన్ని రోజులు తిరిగాక మళ్ళీ బిగించాడు. ముదిరిపోయిన బ్రేకు పైపులు మార్చాడు. ఛాంబరు కింద మందపాటి ఇనప రేకు కట్టించాడు. మిగిలిన డబ్బుతో పాత సైజులోనే, మంచి గాడులున్న టైర్లు రెండు కొన్నాడు. మిగతా రెండు కాఫీ డబ్బులొచ్చాక కొంటానన్నాడు. అదనంగా ఇంకో పట్టీ వేద్దామని మెకానిక్ తాత అడిగితే మావయ్య వద్దన్నాడు. పట్టీ ఎక్కువైతే కమాన్ గట్టిపడి వెనక కూర్చున్నవాళ్ళకి కుదుపు ఎక్కువ. నొప్పులతో ఉన్న మనిషికి ఆ కుదుపు ఎలా ఉంటాదో మా పిన్నిని అడగండి.

ఇంకొక పని కూడా చేశాం. ఊరి వాళ్ళందరం గునపాలు పట్టుకొని వెళ్ళి గెడ్డ దగ్గర ఉన్న ఆ రాయిని, ఇంకో మూడు రాళ్ళని తవ్వి పక్కకి దొర్లించేశాం. ఒక్క పూట పట్టింది. ఇన్నేళ్ళూ అందరూ జీపుని లేపాలనే ఆలోచించారు గాని రాయిని తియ్యాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. మా అవ్వ చెప్పింది.

మా బెంచీలో ఒక అమ్మాయి ఏమంటుందంటే, "మా గెడ్డ లోతు, ఎత్తు జీపు అయితేనే దాటుతుంది" అని. చెల్లీ, నీళ్ళు నిలకడగా ఉంటే నీ మాట కొంత నిజం. కానీ రెండడుగుల ఎత్తున జోరుగా పారే నీరు చాలా బళ్ళను కొట్టుకుపోగలదు. జీపు ఎత్తుగా ఉందనే ధైర్యంతో దిగితే అదే ప్రమాదం. గెడ్డ పొంగితే ఆగాలి.

రోడ్డు, వంతెన వస్తే ఈ వ్యాసమే అక్కర్లేదని నాకూ తెలుసు. అవి రావాలి, అడగాలి. అవి వచ్చేదాకా బతికి ఉండాలి కదా.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. సెలవులకి మమ్మల్ని జీపు ఎక్కించే ముందు టైర్లలో గాడులున్నాయా, టాపు మీద ఎవరైనా కూర్చున్నారా అని ఒక్కసారి చూడండి. డ్రైవర్లు మా మాట వినరు, మీ మాట వింటారు.

వానలు మొదలయ్యాయి. మా జీపు ఈ వానాకాలం గెడ్డ ఎలా దాటుతుందో ఇంకా చూడాలి. దసరా తర్వాత సంచికలో రాస్తాను.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి విద్యార్థిని