సాలీడును చదివాక రాసిన నవల

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఇ.బి. వైట్ అనే రచయితకు పొలం ఉండేది. అక్కడి పశువుల కొట్టంలో ఒక సాలీడు గుడ్లసంచి అల్లడం చూశాడాయన. ఆ సంచిని కోసి తీసి, మిఠాయి డబ్బాలో పెట్టి, న్యూయార్క్‌కి తీసుకెళ్లి పడగ్గదిలో ఉంచాడు. కొన్నాళ్లకి డబ్బా చిల్లుల్లోంచి పిల్లలు బిలబిలా బయటికొచ్చి, ఆయన దువ్వెనకీ బ్రష్షుకీ మధ్య దారాలు కట్టడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత ఆయన సాలీళ్ల మీద శాస్త్రగ్రంథాలు చదివాడు, నిపుణుణ్ని కలిశాడు. అప్పటికిగాని నవల కుదరలేదు. అదే 1952లో వచ్చిన ‘షార్లట్స్ వెబ్’.

కత్తికి బలి కావలసిన విల్బర్ అనే పందిపిల్లను కాపాడడానికి షార్లట్ అనే సాలీడు తన గూటిలో మాటలు అల్లుతుంది. అల్లేది మాటలే, అయినా షార్లట్ చివరిదాకా సాలీడే. ఈగను చుట్టి, కరిచి మత్తెక్కించి, రక్తం తాగుతానని పందిపిల్లకు దాపరికం లేకుండా చెబుతుంది. తన కాలికి ఏడు భాగాలున్నాయని ఒక్కొక్కటీ పేరుపెట్టి అప్పజెబుతుంది. 514 గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. బొమ్మలు గీసిన గార్త్ విలియమ్స్ మొదట దానికి ఆడమనిషి ముఖం పెట్టబోతే వైట్ ఒప్పుకోలేదు.

మన కథల్లోనూ సాలీడుకు గొప్ప చోటుంది. శ్రీకాళహస్తి స్థలపురాణంలో అది శివుడికి దారాలతో గోపురాలు కడుతుంది. దీపం తగిలి గూడు కాలిపోతే ఆ దీపాన్నే మింగబోతుంది. ధూర్జటి కావ్యానికెక్కిన ఆ భక్తి అంటే నాకెంతో ఇష్టం. కానీ తొమ్మిది, పదేళ్ల పిల్లల కోసం మనం ఈనాటికీ రాస్తున్న జంతువుల కథలు ఎక్కువగా పంచతంత్రం బాటలోనే నడుస్తున్నాయి. నక్క అంటే జిత్తులమారి, గాడిద అంటే తెలివితక్కువది. నక్క ఏం తింటుందో, పిల్లల్ని ఎక్కడ దాస్తుందో రాసేవాడికి అక్కర్లేదు, ఎందుకంటే చివర్లో నీతి సిద్ధంగా ఉంటుంది. నీతి చెప్పడం తప్పని కాదు. ఆ నక్క స్థానంలో ఏ మనిషిని పెట్టినా కథ చెక్కుచెదరదు, నా బాధ అదీ.

మన చిక్కుడు పాదుల్లో, పెరటి మొక్కల్లో ఒక సాలీడు గూడు మధ్యన తెల్లటి దారంతో ఇంటూ గుర్తు కుట్టి, దాని మీదే రెండేసి కాళ్లు జోడించి కూర్చుంటుంది. పిల్లలు రోజూ చూస్తారు. అదెందుకు కుడుతుందన్న దాని మీద శాస్త్రవేత్తలకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. తెలుగులో ఎవరైనా దాని పక్కన కూర్చుని ఒక నవల రాస్తే బాగుండును!

వైట్ నుంచి నేర్చుకోవలసింది ఇంకోటి ఉంది: చావును దాచకపోవడం. పెద్దలు పిల్లల పుస్తకంలోంచి దాన్ని తీసేయాలని చూస్తారు. ఊళ్లో పెరిగే పిల్లకి కోడిని కోయడం తెలుసు, దూడ చస్తే ఆవు అరవడం తెలుసు. తెలిసిన దాన్ని పుస్తకం దాచిపెడితే పుస్తకాన్నే నమ్మదు.

అలా చావును దాచకుండా చెప్పాల్సిన కథ మన తీరంలోనే ఉంది. శ్రీకాకుళం తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి. ట్రాలర్ల వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చినవి అదే ఇసుక మీదికి కొట్టుకొస్తాయి. గుడ్లకు కాపలా కాసే పిల్ల, అలాంటి ట్రాలర్ మీద కూలికెళ్లే ఆమె నాన్న, వాళ్లిద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చున్న రాత్రి: ఇదొక నవల కావచ్చు. ఇద్దరిలో ఎవర్నీ చెడ్డవాళ్లని చేయకుండా, తాబేలు చేత నీతులు చెప్పించకుండా దాన్ని రాయాలనుకునేవాళ్లు ముందు ఆ తీరంలో ఒక శీతాకాలం గడపాలి.