సభలో లేని ప్రేక్షకుడు

డాక్యుమెంటరీ అనే మాటకు తెలుగులో నిలకడైన పేరు ఇంతవరకు కుదరలేదు. వార్తాచిత్రమన్నారు, లఘుచిత్రమన్నారు, వాస్తవ చిత్రమన్నారు; ఏదీ నాలుకకు పట్టలేదు. ఉర్దూలో మాత్రం దానిని దస్తావేజీ ఫిల్మ్ అంటారు. ఈ పేరు నాకు ఎంతో సముచితంగా తోస్తుంది. దస్తావేజు అంటే ఏమిటో తెలుగు రైతుకు ఎవరూ వివరించనక్కరలేదు. భూమి ఎవరిదో, హద్దులు ఎక్కడివో, బాకీ ఎంతో తేల్చే కాగితమది. దానిని రాసే చేయి ఒకరిది, అందులోకి ఎక్కే బ్రతుకు మరొకరిది. రాసినదానిని చదివించుకొని వినవలసిన అవసరం ఈ రెండవ మనిషికే ఎక్కువ. చదివించుకోకుండా వేలిముద్ర వేసినవాని గతి ఏమైనదో మన పల్లెల చరిత్రలో కావలసినంత ఉన్నది.

డాక్యుమెంటరీ దర్శకుల ప్రాంతీయ సమ్మేళనాలను ఈ దృష్టితోనే పరిశీలించవలసి ఉన్నదని నా అభిప్రాయం. కొంతకాలం క్రితం దక్షిణాది దర్శకుల సమ్మేళనమొకటి ఒక నగరంలో జరిగినప్పుడు శ్రోతగా హాజరయ్యే అవకాశం నాకు లభించింది. అక్కడ నేర్చుకున్నది తక్కువేమీ కాదు. నది ఒడ్డున నిలబడి మాట్లాడే ముసలివాని గొంతును గాలి మింగివేయకుండా ఎట్లా పట్టుకోవాలో శబ్దగ్రాహకుడొకరు వివరించిన అరగంట సేపు, మా తరగతి గదులలో ఎన్నడూ చూడని ఏకాగ్రతను చూశాను. నిధులను గురించి, హక్కులను గురించి, సెన్సారును గురించి గంభీరమైన చర్చలు సాగాయి. చిత్రాలు కూడ మంచివే. అయితే తెరపై ఉన్నవారు తెలుగులోను, తమిళంలోను, కన్నడంలోను మాట్లాడుతుంటే, కింద అక్షరాలు ఇంగ్లీషులో నడిచాయి. దీపాలు వెలిగిన తరువాత చర్చ కూడ ఇంగ్లీషులోనే నడిచింది. ఒక చిత్రం ముగిసిన పిమ్మట వెనుక వరుసలోని విద్యార్థిని ఒకతె లేచి, "ఈ సినిమా ఆ ఊరివాళ్ళు చూశారా?" అని తెలుగులో అడిగింది. ఉత్సవాల వరుస ముగిసిన తరువాత చూపించే ఆలోచన ఉన్నదని దర్శకుడు మర్యాదగా సమాధానం చెప్పారు. ఆ మర్యాదను నేను శంకించను. కాని ఉత్సవాల వరుసకు ముగింపు ఉండదు. ఊరికి మాత్రం ఓపిక ఉండాలి.

మన పట్టణాలలో ముషాయిరా చూసినవారికి ఈ లోపం ఇట్టే అర్థమవుతుంది. అక్కడ కవి ఒక పాదం చదివి ఆగుతాడు. సభ దానిని అందుకొని తిరిగి పలుకుతుంది, మళ్ళీ చదవమంటుంది, నచ్చకపోతే మౌనంతో తీర్పు చెబుతుంది. రిక్షా తొక్కేవాడు, బట్టల దుకాణదారుడు, ఉర్దూ మాస్టారు ఒకే షామియానా కింద కూర్చుని దాద్ ఇస్తారు. కవులు మాత్రమే కూడి, ఒకరికొకరు గజళ్ళు వినిపించుకొని, తలుపులు మూసి ఇళ్ళకు వెళ్ళే ముషాయిరాను ఊహించండి. కవిత్వం బాగానే ఉండవచ్చు, సభ మాత్రం జరగనట్టే లెక్క.

దర్శకులకు పోరాట పటిమ లేదని ఎవరూ అనలేరు. ఉర్దూ రచయిత ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1968లో నాలుగు మహానగరాల వైభవాన్ని, దారిద్ర్యాన్ని పక్కపక్కన నిలిపి ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. సెన్సారు అడ్డుపడితే సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళారు. 1970లో వచ్చిన తీర్పు సెన్సారు వ్యవస్థను సమర్థించినా, వాస్తవాన్ని చూపడానికి అనుమతి ఎందుకు అవసరమన్న ప్రశ్న ఈ దేశంలో ఆనాడు గట్టిగా వినిపించింది. ఫిల్మ్స్ డివిజన్ 1990లో బొంబాయిలో ప్రారంభించిన అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవం రెండేళ్ళకొకసారి దర్శకులకు కూడలి అయింది. 2004 ఉత్సవానికి పంపే భారతీయ చిత్రాలకు సెన్సారు ధ్రువపత్రం ఉండి తీరాలని నిబంధన పెట్టినప్పుడు దర్శకులు ఏకమై ఎదిరించి దానిని ఉపసంహరింపజేశారు. ఆ తరువాత ఎంపికలో పదునైన చిత్రాలనేకం తిరస్కరణకు గురికాగా, అదే నగరంలో, అదే రోజులలో 'వికల్ప్' పేరిట సమాంతరంగా ప్రదర్శనలు జరిపారు. కాఠ్మాండూలో 1997 నుండి జరుగుతున్న ఫిల్మ్ సౌత్ ఏషియా ఉత్సవమైతే, సరిహద్దుల వద్ద తుపాకులు పట్టుకున్న దేశాల దర్శకులను ఒకే గదిలో కూర్చోబెట్టింది. ప్రభుత్వానికి, ప్రేక్షకునికి మధ్య నిలిచిన గోడతో దర్శకులు ఇట్లా పోరాడారు. తమకూ ప్రేక్షకునికీ మధ్య పెరిగిన గోడను గురించి మాత్రం అంతగా మాట్లాడలేదు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. 1948లో ఏర్పడి 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైన ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిత్రాలను, సినిమాహాళ్ళలో అసలు ఆటకు ముందు తప్పనిసరిగా చూపించిన కాలమొకటి ఉండేది. ఆనకట్టలు, ఎరువులు, మంత్రుల పర్యటనలు! జనం ఆ పది నిమిషాలు బయట పల్లీలు కొనుక్కోవడానికి వాడుకునేవారు. అయినప్పటికీ ఆ చిత్రాలు తెలుగుతో, ఉర్దూతో సహా పలు భారతీయ భాషలలో మాట్లాడాయి. టూరింగ్ టాకీసు దాకా వచ్చాయి. 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా 2,400 గ్రామాలకు దూరదర్శన్ కార్యక్రమాలు ప్రసారం చేసిన 'సైట్' ప్రయోగంలో మన తెలుగు పల్లెలు కూడ ఉన్నాయి. ప్రభుత్వం తన డప్పు తాను కొట్టుకున్న నీరసమైన చిత్రం ఊరికి ఊరి భాషలో చేరింది. ఊరి పక్షాన తీసిన సత్తువగల చిత్రం ఊరికి చేరడం లేదు. ఈనాడు అందరి చేతిలో ఫోను ఉన్నది గదా, ఎవరైనా చూడవచ్చు గదా అని కొందరంటారు. ఒంటరిగా అరచేతిలో చూసి పక్కకు తోసివేయడం వేరు; నలుగురితో కూర్చుని, చూసిన తరువాత లేచి, "మా ఊరి సంగతి నువ్వు చెప్పినట్టు లేదు" అని దర్శకుని మొహం మీద చెప్పగలగడం వేరు.

హైదరాబాదులో 1984లో జరిగిన మతకల్లోలాల నేపథ్యంలో దీపా ధన్‌రాజ్ తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో?' 1986లో వెలువడింది. కర్ఫ్యూలో మగ్గిన గల్లీలు, మనుషులను మందలుగా మార్చిన ఉపన్యాసాలు, కూలి దొరకక పస్తున్న ఇళ్ళు అందులో ఉన్నాయి. దాని పేరే పాతబస్తీ మనిషి నోట వచ్చే ప్రశ్న. ఆ చిత్రాన్ని పునరుద్ధరించి భద్రపరచినది బెర్లిన్‌లోని ఆర్సెనాల్ అనే చలనచిత్ర సంస్థ. వారికి మనం కృతజ్ఞులమై ఉండాలి. కాని చార్మినారు నీడలో పెరిగిన యువకుడు తన నగరం దస్తావేజు జర్మనీలో ఉన్నదని తెలుసుకోవలసి రావడం మనకు గౌరవమేమీ కాదు. బి. నరసింగరావు 1987లో తీసిన 'మా ఊరు' చిత్రం పేరు ఎరిగిన తెలంగాణ విద్యార్థులు ఎందరో మీరే లెక్కించండి.

దీనికి మారుగా మరొక దారి ఉన్నదని నిరూపించినవారు జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ స్త్రీలు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన వీరు దళితులు, సన్నకారు రైతులు. ఎక్కువ మంది బడి ముఖం చూడనివారు. 1990ల చివరి సంవత్సరాలలో వీరు కెమెరా పట్టడం నేర్చుకున్నారు. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చి ఆ సంస్థను నడిపిన పి. వి. సతీష్, 2023లో కన్నుమూసేదాకా, వారి పక్కన నిలబడ్డారు. చలనచిత్ర శిక్షణాలయాలలో కెమెరా కోణాలకు ఏవో పేర్లున్నాయి. ఈ స్త్రీలు తమ అనుభవంలోనుంచి తమవైన పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే చూపు పటేల్ షాట్. గడీ మెట్ల మీద నిలబడి దొర కూలీని చూసే చూపది. కంటికి కన్ను సమంగా ఉండే చూపు సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తున కూర్చుంటారు గనుక. చలనచిత్ర సిద్ధాంతాన్ని గురించి నేను చదివిన పుస్తకాలలో ఇంతకంటె స్పష్టమైన వాక్యం నాకు కనిపించలేదు. కెమెరా ఎత్తు అంటే అంగుళాలలో కొలిచేది కాదని, అది అధికారానికి కొలత అని వారికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు ఆగ్రహించారో చూపుతూ వారు తీసిన చిత్రం 2003లో వచ్చింది. ఆ విత్తనానికి మన దేశంలో అనుమతి లభించినది 2002లో. అంటే తొలి పంట నాటి చేదు ఆరకముందే వారు చేల గట్ల మీద ఉన్నారన్నమాట. ఆ చిత్రం విదేశీ భాషలలోకి వెళ్ళింది. కొన్నేళ్ళకు ఆ స్త్రీలే ఆఫ్రికా ఖండానికి వెళ్ళి అక్కడి పత్తి రైతులను చిత్రించారు. రైతు పక్కన నిలబడి అడగవలసిన ప్రశ్న ఏదో మరొక రైతుకు తెలిసినట్టు ఇతరులకు తెలియదు.

మన జిల్లా సంగతి తలచుకుంటే ఈ పటేల్ షాట్ మరింత గుర్తుకు వస్తుంది. నల్లగొండ పేరు ప్రపంచంలో నీటి శాస్త్రవేత్తలకు సుపరిచితం. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. ఆఫ్రికా దేశాలలో కూడ ఆ పేరు వినిపిస్తుంది. ఆ పేరుతో పాటే కెమెరాలూ వచ్చాయి. వంగిన కాళ్ళను, బిగిసిన వెన్నెముకలను పైనుంచి చిత్రించుకొని వెళ్ళాయి. ఆ మనుషులు పాట పాడగలరని, లెక్కలు చెప్పగలరని, కోపం తెచ్చుకోగలరని ఆ చిత్రాలు చూసి ఎవరైనా గ్రహించగలిగారా?

అందుచేతనే ప్రాంతీయ సమ్మేళనమొకటి వాడపల్లిలో జరగాలని నేను ప్రతిపాదిస్తున్నాను. ఇది స్వస్థలాభిమానంతో అన్న మాట అని కొందరు నవ్వవచ్చు. కొంత అభిమానం లేకపోలేదు. కాని వాడపల్లికి ఉన్న అర్హత వేరు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, సుమారు 240 కిలోమీటర్లు నడిచి కృష్ణలో కలిసేది ఇక్కడే. మూసీని గురించి నేను చూసిన చిత్రాలన్నీ 1908 వరదతో మొదలై, ప్రాణాలు నిలిపిన చింతచెట్టును చూపి, నగరపు వంతెనల కింద నురగను చూపి ముగిశాయి. నగరం వదిలిన మురుగు ఆ తరువాత ఎక్కడికి పోతుంది? ఎవరి చేలకు పారుతుంది, ఎవరి పశువులు తాగుతాయి, ఏ చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకు వస్తాయి? నది నగరంతో ముగియదు. నగరం చేసినదంతా నెత్తిన పెట్టుకొని సంగమం దాకా వస్తుంది. కెమెరాలు వాడపల్లికి రావని కాదు. నృసింహస్వామి ముఖం ఎదుట ఉన్న దీపం కదులుతుందని, కింది దీపం నిశ్చలంగా ఉంటుందని భక్తులు చెప్పే విశేషాన్ని చిత్రించడానికి అవి వస్తూనే ఉన్నాయి. గుడి మెట్లు దిగి రేవు దాకా వచ్చిన కెమెరాలు తక్కువ.

చిత్రించవలసినది ఇంకా ఉన్నది. ఈ దామరచర్ల మండలంలోనే వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల సామర్థ్యంతో తలపెట్టిన యాదాద్రి విద్యుత్కేంద్రం లేచింది. చుట్టుపక్కల సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు. మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు. కృష్ణ అవతలి ఒడ్డు 2014 నుండి వేరే రాష్ట్రం. పెళ్ళి సంబంధాలు మాత్రం వంతెన మీదుగా మునుపటివలెనే సాగుతున్నాయి. ఒక్క ఊరికే వాడపల్లి, వజీరాబాదు అని రెండు పేర్లు ఉండడం కూడ నాకు ఇష్టమైన సంగతి. రెండు భాషల కళాశాలలో చదివేవారికి అది వింతగా తోచదు.

ఇక్కడ వసతులు లేవని, తెర లేదని, దర్శకులు రారని ఆక్షేపణ వస్తుంది. గోదాములో ధాన్యం బస్తాలు పక్కకు జరిపితే తెరకు స్థలం దొరుకుతుంది. మిర్యాలగూడలో బస చేయడానికి గదులకు కొదువ లేదు. దర్శకులు రారన్నది మాత్రం నేను ఒప్పుకోను. చిత్రీకరణ కోసం ఇంతకంటె కష్టమైన చోట్లకు వెళ్ళినవారే వారు. నిజమైన కష్టం వేరే ఉన్నది. చిత్రాన్ని ఊరివారి ఎదుట వేసినప్పుడు ఊరివారు నొచ్చుకోవచ్చు. పలుకుబడి గలవారు అభ్యంతరం చెప్పవచ్చు. కెమెరా ముందు ధైర్యంగా మాట్లాడిన కూలీకి మరునాడు పని దొరకకపోవచ్చు. నగరంలోని చీకటి హాలులో ఈ ప్రమాదం ఎవరికీ లేదు. అయితే ఆ ప్రమాదాన్ని తీసుకువచ్చినది ప్రదర్శన కాదు, చిత్రీకరణే. మాట్లాడించినవాడు దాని ఫలితం చూడకుండా వెళ్ళిపోతే కూలీ ఒంటరివాడవుతాడు; సమ్మేళనమంతా ఆ ఊరిలో ఉంటే కనీసం ఆ పూట ఒంటరివాడు కాడు. ఏ చిత్రం బహిరంగంగా వేయాలో, ఏది కొందరికే చూపాలో తెరపై కనిపించినవారితో ముందుగా కూర్చుని నిర్ణయించడమే సమ్మేళనపు మొదటి రోజు పని కావాలి.

మన విద్యార్థులకు ఇందులో చేతినిండ పని ఉన్నది. ఉపన్యాసాలకు పూలదండలు మోయడం నా ఉద్దేశం కాదు. పరభాషా చిత్రాలలోని సంభాషణలకు తెలుగులో, ఉర్దూలో కింది అక్షరాలు వారే సిద్ధం చేయవచ్చు. అక్షరాలు రానివారి కోసం, పూర్వం మూకీ చిత్రాలకు చేసినట్టు, తెర పక్కన నిలబడి చదివి వినిపించవచ్చు. మాఘమాసంలో చలి తగ్గుముఖం పట్టి, నదిలో నీరు తగ్గి, రేవు మెట్ల మీద కూర్చోవడానికి అనువుగా ఉంటుంది. ప్రశ్నలు తెలుగులో గాని, ఉర్దూలో గాని అడగాలి. ఇంగ్లీషులో అడగదలచిన దర్శకులెవరైనా ఉంటే, వారికొక అనువాదకుణ్ణి మన కళాశాల ఏర్పాటు చేయగలదు.